ఉక్కునగరమున అక్షరాన్వేషణము

జంషెడ్‌పూరు అనగానే ఉక్కు స్ఫురించుట సహజము. 1907లో సాక్చీ గ్రామపరిసరములు కర్మాగారమునకు స్థలముగా నిర్ణయింపబడుట, 1912లో మొదటి ఉక్కు వెలువడుట, 1919లో ఛెమ్స్‌ఫర్డు ప్రభువు ఈ యూరికి జంషెట్జీ టాటాగారి పేరు పెట్టుట, కాలిమాటి స్టేషను టాటానగరమగుట, ఇవి యెల్ల పెక్కుమార్లు చెప్పబడిన సంగతులే. ఈ పట్టణమునకు వేఱొక చరిత్రయు కలదు. అది అక్షరముల చరిత్ర. ఇచటి వీధులలో నాలుగడుగులు నడచినవారికి నాగరి, వంగ, ఓఢ్ర, ఉర్దూ, గురుముఖి, రోమను లిపులు కనబడును. కదమా, బిష్టుపూరు ప్రాంతములలో తెలుగక్షరములును కానవచ్చును. వీనితోపాటు ఇంకను నూఱేండ్ల వయస్సు మాత్రమే గల సంతాలీ లిపియు కనబడును. ఇన్ని లిపులను మోయుచున్న పట్టణములు మన దేశమున పెక్కు లేవు. లోహశాస్త్రజ్ఞులకు ఈ యూరు ఎట్లు ప్రయోగశాలయో, చదువును గూర్చియు వ్రాతను గూర్చియు పరిశోధించు విశ్వవిద్యాలయ పండితులకును అట్లే ప్రయోగశాల యని చెప్పవచ్చును. ఐనను మొదటిదానిని గూర్చి వ్రాయబడిన గ్రంథములలో పదవవంతైనను రెండవదానిని గూర్చి వెలువడలేదు.

తెలుగువారిచటికి వచ్చిన త్రోవ బెంగాలు-నాగపూరు రైలుత్రోవ. కర్మాగారము లేచిన తొలినాళ్లనుండియు గంజాము, విశాఖపట్టణము జిల్లాలనుండి కూలీలు, వడ్రంగులు, కమ్మరులు, పిమ్మట గుమాస్తాలు, ఉపాధ్యాయులు వచ్చి నిలిచిరి. 1950 నవంబరు 26వ తేదీన నెహ్రూపండితుడు జాతీయ లోహపరిశోధనాలయమును ప్రారంభించిన తరువాత కేంద్రప్రభుత్వోద్యోగులగు శాస్త్రజ్ఞులును వీరితో చేరిరి. మొదట వచ్చినవారిలో అక్షరము వచ్చినవారు కొలదిమంది. రానివారు వచ్చినవారిచేత ఇంటికి జాబులు వ్రాయించుకొనుట కార్మికపట్టణములన్నిటను ఉన్న ఆచారమే. ఒకని చేతివ్రాతలో పదికుటుంబముల కష్టసుఖములు సాగుచుండెడివి. ఈ జాబుల సంగతి మరల వచ్చును.

కార్మికుల జీవనమును విశ్వవిద్యాలయ పండితులచేత పరిశీలింపజేయవలెనను తలంపు టాటావారికి మొదటినుండియు కలదు. లండను అర్థశాస్త్ర పాఠశాలకు చెందిన సిడ్నీ వెబ్, హాబ్‌హౌస్, అర్విక్ అను విద్వాంసులు ఈ పట్టణపు సంక్షేమకార్యక్రమమును గూర్చి సలహాలిచ్చియున్నారు. వారు పరిశీలింపవలసిన విషయములలో ఆరోగ్యము, నివాసము, చదువు ఉన్నవి గాని, ఏ భాషలో చదువు, ఏ లిపిలో వ్రాత అను ప్రశ్న అప్పటి కెవరికిని పెద్దదిగా తోచలేదు. ఆ ప్రశ్న అడిగినవారు లండనునుండి రాలేదు. పొరుగు అడవులనుండి వచ్చిరి.

జంషెడ్‌పూరునకు దక్షిణముగా నూఱు కిలోమీటర్ల లోపుననే మయూరభంజి ప్రాంతపు రాయరంగపూరు కలదు. ఆ చేరువ గ్రామమున 1905లో పుట్టిన రఘునాథ ముర్ము అను సంతాలు బాలుడు బడిలో ఓఢ్రమున పాఠములు నేర్వవలసి వచ్చెను. ఇంట మాటలాడు భాషకు బడిలో స్థానము లేకపోవుట ఆతనిని కలత పెట్టెను. సంతాలీకి అప్పటికే రోమను లిపిలో పుస్తకములు గలవు. నార్వే దేశస్థుడగు బోడింగు అను మిషనరీ 1929 మొదలు 1936 వఱకు అయిదు సంపుటములుగా ప్రకటించిన సంతాలు నిఘంటువు నేటికిని ప్రమాణగ్రంథమే. ఐనను రోమను, వంగ, నాగరి, ఓఢ్ర లిపులు నాలుగు దిక్కులుగా లాగుటచే ఒక్క భాష మాటలాడువారు ఒకరి వ్రాత నొకరు చదువలేకుండిరి. ముర్ము 1925లో ‘ఓల్ చికి’ అను క్రొత్తలిపిని కల్పించెను. ఇందు ముప్పది అక్షరములు. అవి ఆఱు వరుసలు, వరుస కైదు. ప్రతివరుసయు అచ్చుతో మొదలగును. మన లిపివలె హల్లులకు గుణింతపు గుఱుతులు తగిలించుట ఇందు లేదు. అచ్చును హల్లును ప్రక్కప్రక్కన నిలుచును. సంతాలీ మాటల చివర సగము మ్రింగినట్లు పలుకబడు కొన్ని హల్లులు కలవు. భారతీయ లిపు లేవియు వీనిని సరిగా చూపలేకపోయెను. బడిపంతులుగా పనిచేసిన ముర్మునకు ఈ చిక్కు పుస్తకములో చదివినది కాదు, పిల్లల నోట వినినది.

చాయిబాసా దాటిన తరువాత వచ్చు ఝింక్‌పానీయందు ‘హో’ భాషకు లాకో బోద్రా అను నాతడు ‘వారంగ్ చితి’ అను లిపిని ప్రచారము చేసెను. అది తన కల్పన గాదనియు, ప్రాచీనకాలమున ఉండి మఱుగుపడిన దానిని తాను మరల కనుగొంటిననియు ఆయన చెప్పెడివాడు. చరిత్రకారులు దీనిని అంగీకరించుట కష్టము. కాని అక్షరము లేనివారని తమ్ము నూఱేండ్లు చిన్నచూపు చూచిన లోకమునకు, మా అక్షరము మీదానికన్న పాతది అని జవాబు చెప్పుటలో గల మనోభావమును అర్థము చేసికొనుట కష్టము కాదు.

మూడవ లిపి మన తెలుగువారి పుట్టినయింటి ప్రక్కనే పుట్టినది. 1936లో మంగై గొమాంగో అను నాతడు సవరభాషకు ‘సొరాంగ్ సొంపెంగ్’ అను లిపిని కల్పించెను. ఈ మూడు భాషలును ముండా కుటుంబమునకు చెందినవి. కావుననే చికాగో విశ్వవిద్యాలయమున ముండాభాషలను జీవితాంతము పరిశోధించిన నార్మన్ జైడ్ ఆచార్యుడు ఈ మూడు లిపులను ఒక్కచోట చేర్చి పరిశీలించెను. ఒక పట్టణమునకు ఇరుప్రక్కల రెండు లిపులును, ఆ పట్టణమునకు వలసవచ్చిన తెలుగువారి స్వస్థలమున మూడవదియు అల్పకాల వ్యవధిలో పుట్టుట కాకతాళీయము కాదు. మూడుచోట్లను కారణ మొకటే: బడి వచ్చెను, బడితో పరభాష వచ్చెను.

జైడ్ గారి పరిసరములలో చదివినవారిలో రామదయాళ్ ముండా ప్రసిద్ధుడు. ఈయన రాంచీ-టాటా రహదారిమీద గల తమాడ్ ప్రాంతమున 1939లో జన్మించెను. చికాగోలో పట్టము పొంది, మిన్నెసోటా విశ్వవిద్యాలయమున బోధించి, 1980ల ప్రారంభమున స్వదేశమునకు మరలి, రాంచీ విశ్వవిద్యాలయమున గిరిజన-ప్రాంతీయ భాషాశాఖను నెలకొల్పెను. సంతాలీ, ముండారీ, హో, కుడుఖ్, ఖడియా అను అయిదు గిరిజనభాషలును, నాగపురీ, కుర్మాలీ, ఖోర్ఠా, పంచపర్గనియా అను నాలుగు ప్రాంతీయభాషలును ఒక్క కప్పుక్రింద చేరినవి. ఎం.ఏ. తరగతి యున్నదిగాని వీనిలో కొన్నింటికి పాఠ్యగ్రంథములు చాలినన్ని లేవు. ఇట్టి తరగతిలో విద్యార్థి వినువాడుగా మాత్రమే యుండుట పొసగదు. తన యూరి పాటను, కథను, సామెతను తానే తెచ్చి వ్రాసిపెట్టువాడగును. ముండాగారు పిమ్మట ఆ విశ్వవిద్యాలయమునకే ఉపాధ్యక్షులై, 2011లో దివంగతులైరి. సంతాలీభాష 2003 నాటి రాజ్యాంగసవరణచే ఎనిమిదవ అనుసూచికలో చేరినది. 2009లో చాయిబాసాలో ఏర్పడిన కోల్హాన్ విశ్వవిద్యాలయపు పరిధిలోనికి జంషెడ్‌పూరు కళాశాలలు వచ్చినవి.

ఇది యెల్ల తెలుగువారికి పరాయి సంగతిగా తోచవచ్చును. కాని ఈ పరిశోధనకు బీజము వేసినవారిలో మొదటి వరుసవా డొక తెలుగు బడిపంతులే. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగము చేరువ పర్వతాలపేటలో జన్మించి, 1880 నుండి పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి. కొండలనుండి సంతకు దిగివచ్చు సవరలు తమలో తాము మాటలాడుకొనుట విని, ఆ భాష నేర్వదలచి, తెలుగు తెలిసిన సవరను ఇంట ఉంచుకొని నేర్చుకొనిరి. అప్పటికి ఆ భాషకు వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు, లిపి లేదు. పంతులుగారు సవరపాటలు, కథలు తెలుగక్షరములలో వ్రాసికొని, వాచకములు రచించి, సొంతఖర్చుతో సవరపిల్లలకు బళ్లు పెట్టించిరి. ఆ పుస్తకములకు మెచ్చి 1911లో మదరాసు ప్రభుత్వమువారు ధనబహుమానము చేయబోగా, దానిని పుచ్చుకొనక, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టుడని కోరిరి. 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో సవర-ఇంగ్లీషు కోశమును వెలువరించిరి. పిల్లల పుస్తకములకు తెలుగులిపిని, పండితుల పుస్తకములకు అంతర్జాతీయ ధ్వనిలిపిని వాడుట గమనింపదగినది. ఎవరికొఱకు వ్రాత యన్నదానినిబట్టి లిపిని ఎన్నుకొనవలెనని ఆయన మతము.

అట్లని తెలుగులిపితో సవరలందఱు తృప్తి పడిరని చెప్పరాదు. పంతులుగారి వ్యాకరణము వెలువడిన అయిదేండ్లకే మంగై గొమాంగో సొంతలిపిని తెచ్చెను. అదే యేడు, 1936లో, ఓఢ్రరాష్ట్ర మేర్పడి పర్లాకిమిడి అందు చేరగా, పంతులుగారు ఆ యూరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. పరుల భాషకు లిపి చూపిన ఆ వృద్ధునకు తన భాషను నిలుపుకొనుటకై ఊరు మారవలసి వచ్చుట విధివిలాసము. సవరదేశము రెండు రాష్ట్రములకు చీలినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2004లో ఎనిమిది గిరిజనభాషలలో మాతృభాషావిద్యను ప్రారంభించినప్పుడు సవరభాషకు వాచకములు తెలుగులిపిలోనే సిద్ధమైనవి. గిడుగువారి కోరిక అడవిదారిలో తొంబదేండ్లకు పైగా నడచి బడి చేరినదన్నమాట.

సవరబాలునికొఱకు కలిగిన తలంపే తెలుగుబాలునివైపు తిరిగినప్పుడు పెద్ద కలహమైనది. ఉత్తరసర్కారుల పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన యేట్సు దొర, పుస్తకముల తెలుగునకు నోటి తెలుగునకు గల దూరమును చూచి ఆశ్చర్యపడి, కారణ మడిగెను. విజయనగరమున గురజాడ అప్పారావుగారు, విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాలాధ్యక్షులు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, పర్లాకిమిడిలో గిడుగువారు ఆ ప్రశ్నను పట్టుకొనిరి. ఇది కవుల వివాదముగా నేడు చెప్పబడుచున్నది గాని, నిజమునకు విద్యార్థి వ్రాతను గూర్చిన వివాదము. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసరచన తప్పనిసరియైనప్పుడు బాలుడు ఏ తెలుగున వ్రాయవలెను? అదియే అసలు ప్రశ్న. ఇచ్చవచ్చిన శైలిలో వ్రాయవచ్చునని అధికారులు మొదట అనుమతి నొసగిరి. 1911లో మదరాసున ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు దీని నెదిరించెను. జయంతి రామయ్య పంతులుగారు, వేదము వేంకటరాయ శాస్త్రులవారు మొదలగు ఉద్దండులు ఆవైపున నిలిచిరి. మదరాసు విశ్వవిద్యాలయమువారి రచనాసంఘమున అప్పారావుగారు మైనారిటీలో పడి, 1914లో ఇంగ్లీషున సుదీర్ఘమైన అసమ్మతిపత్రమును సమర్పించిరి. మఱుచటి యేడు పూర్వపు అనుమతి ఉపసంహరింపబడెను. 1915 నవంబరు 30న అప్పారావుగారు కన్నుమూసిరి.

గ్రాంథికవాదుల పక్షమున చెప్పదగినది లేకపోలేదు. కోస్తా, సీమ, తెలంగాణము, కళింగాంధ్రము వేర్వేఱుగా పలుకుచుండగా అందఱిని కలిపి యుంచిన త్రాడు కావ్యభాషయే యని వారి భయము. ఆ భయము కపటము కాదు. కాని గిడుగువారు వారి కిచ్చిన సమాధానము పరిశోధకుని సమాధానము. గ్రాంథికమును సమర్థించువారి రచనలనే తీసికొని, అందు వారి వ్యాకరణమునకే విరుద్ధముగా నున్న ప్రయోగములను ఏఱి, తరగతులుగా విడదీసి చూపిరి. ‘గద్యచింతామణి’ యందు ఈ పని పరాకాష్ఠ నందినది. మహాపండితులే నిర్దుష్టముగా వ్రాయలేని భాషను పదునాలుగేండ్ల పిల్లవానిచేత వ్రాయించి, తప్పులకు మార్కులు కోయుట న్యాయమా యని ఆయన ప్రశ్న. 1919లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు అధ్యక్షులుగా వర్తమానాంధ్ర భాషాప్రవర్తక సమాజ మేర్పడెను. 1924లో పరిషత్తు నిషేధమును తొలగించుకొనెను. విశ్వవిద్యాలయములు మాత్రము ఇంకను అర్ధశతాబ్ది తటపటాయించినవి. (ఇట్టి గ్రాంథికప్రాయమైన వ్యాసమున తన కథ చెప్పబడుట చూచినచో పంతులుగారు తప్పక నవ్వుకొని, నాలుగు తప్పులు గుఱుతు పెట్టియుందురు.)

తప్పులను దండించుటకు గాక తెలిసికొనుటకు పోగుచేయుట యను ఈ పద్ధతి పాశ్చాత్య విశ్వవిద్యాలయములలో ప్రసిద్ధికి వచ్చుట చాల ఆలస్యముగా జరిగెను. 1970లో న్యూయార్కు నగర విశ్వవిద్యాలయము పాఠశాలావిద్య ముగించినవారి కెల్ల తలుపులు తెఱచెను. పేదకుటుంబములనుండి వచ్చిన వేలకొలది విద్యార్థుల వ్రాత చూచి అధ్యాపకులు నిరుత్తరులైరి. మీనా షాఘ్నెసీ అను నాచార్యురాలు అట్టివి సుమారు 4,000 వ్యాసములు ముందు వేసికొని, ఆ తప్పులు అజాగ్రత్తవలన కాక ఒక లెక్కప్రకారము జరుగుచున్నవని 1977లో గ్రంథముగా నిరూపించెను. ఇంటి పలుకుబడికి బడి వ్రాతకు నడుమ చిక్కుకొన్నవాడు తనకు తోచిన సూత్రము కల్పించుకొని వ్రాయునని ఆమె సిద్ధాంతము. గిడుగువారి పేరు ఆమె వినియుండుట సంభావ్యము గాదు. ఐనను ఇద్దఱును ఒకే దారిని నడచిరి.

జంషెడ్‌పూరు తెలుగువారికి ఇంతకన్న సన్నిహితమైన పరిశోధన యొకటి పశ్చిమాఫ్రికాలో జరిగెను. లైబీరియాయందలి వాయి జాతివారికి 1830లలో బుకెలే అను స్వజాతీయుడు కల్పించిన లిపి కలదు. దానిని ఏ బడియు నేర్పదు. బంధువో మిత్రుడో ప్రక్కన కూర్చుండబెట్టుకొని నేర్పును. బడిలో ఇంగ్లీషు, మతపాఠశాలలో అరబ్బీ నేర్తురు. అక్షరము వచ్చినంతమాత్రమున మనుష్యుని బుద్ధి మారునా, లేక మార్పు బడివలన కలుగునా యను ప్రశ్నకు ఇంతకన్న తగిన చోటు లేదని అమెరికా పండితులు సిల్వియా స్క్రిబ్నర్, మైకేల్ కోల్ 1970లలో అచట పరిశోధించి 1981లో ఫలితములు ప్రకటించిరి. ఇంటిలిపి వచ్చినవారు అన్నివిధముల తెలివితేటలలోను రానివారిని మించలేదు. ఏ పనికి ఆ లిపిని వాడుచుండిరో ఆ పనికి సంబంధించిన నేర్పులో మాత్రము మిగిలిరి. వాయిలిపి ముఖ్యముగా జాబులు వ్రాయుటకు వాడబడును. కావున ఎదుట లేనివానికి విషయమును తెలియునట్లు వివరించుటలో వారు దిట్టలైరి.

ఈ ఫలితమును ఇచటి కన్వయించినచో చింతింపవలసిన సంగతి బయటపడును. తొలితరములవారికి తెలుగక్షరముతో పని యుండెను. అది జాబుల పని. శ్రీకాకుళమునకో, సోంపేటకో, పార్వతీపురమునకో పోవు కార్డుమీద తెలుగే యుండవలెను. చదువువారికి వేఱు అక్షరము రాదు. టెలిఫోను వచ్చుటతో ఆ పని సగము పోయెను. చేతిఫోనుతో మిగిలిన సగమును పోయెను. పిల్లవాడు అమ్మమ్మతో తెలుగున చక్కగా మాటలాడును. వ్రాయవలసివచ్చినప్పుడు రోమను అక్షరములతో తెలుగు వ్రాయును, లేదా హిందీ వ్రాయును. భాష నోట నిలిచి, లిపి చేతినుండి జాఱుచున్నది. పెండ్లిపత్రికలు, పంచాంగములు, మందిరములలోని బోర్డులు, ఇట్టి సంచికలు నేటికి దానికి మిగిలిన పనులు. జార్ఖండ్ రాష్ట్రము 2011లో సంతాలీ, వంగ, హో, ఓఢ్రము మొదలగు భాషలకు ద్వితీయ రాజభాషా గౌరవము నొసగినప్పుడు ఆ పట్టికలో తెలుగు లేదు.

సంతాలీవారి స్థితి దీనికి విపర్యయముగా నున్నది. వారికి లిపియే క్రొత్తది, దాని పనులును క్రొత్తగా పెరుగుచున్నవి. ఈ జిల్లా సరిహద్దుననున్న పశ్చిమవంగ ప్రాంతమున నిశాంత్ చోక్సీ అను పండితుడు పరిశోధించి 2021లో వెలువరించిన గ్రంథమున, ఒకే కుటుంబమువారు ఓల్ చికిని, వంగలిపిని, రోమనును వేర్వేఱు పనులకు వాడుకొనుచున్న తీరు వర్ణింపబడినది. గోడమీద ఒకటి, పత్రికలో ఒకటి, ఫోనులో ఒకటి. ఒకటి వచ్చినందున మఱియొకటి పోవలెనను నియమము వారికి లేదు. 2008లో ఓల్ చికియు, 2012లో సొరాంగ్ సొంపెంగును, 2014లో వారంగ్ చితియు యూనీకోడు అను అంతర్జాతీయ సంకేతపట్టికలో చేరుటచే కంప్యూటరులందును ఫోనులందును వ్రాయుటకు త్రోవ ఏర్పడెను. తెలుగున కట్టి సదుపాయము అంతకు చాలముందే కలిగినది. కొఱత యంత్రమున లేదు.

భద్రిరాజు కృష్ణమూర్తిగారు రైతులయొద్ద కూర్చుండి వారి పదములు సేకరించి 1962లో వ్యవసాయవృత్తి పదకోశమును వెలువరించిరి. చేనేత పదముల సంపుటము 1971లో వచ్చెను. జంషెడ్‌పూరు తెలుగునకు అట్టి కోశము ఇంకను కావలసియున్నది. షిఫ్టు, డ్యూటీ, క్వార్టరు, ఫర్నేసు ఇందు తెలుగు విభక్తులు తగిలించుకొని తిరుగుచున్నవి. వానిప్రక్కనే కళింగాంధ్రపు పాతమాటలు చెక్కుచెదరక యున్నవి. పిల్లవానిని ‘గుంటడు’ అని పిలుచు అమ్మమ్మ, ‘ఏటి’ అని అడుగును. బాలుడును ‘ఏటి’ అనియే అడుగును. సెలవుదినముల తెలుగుతరగతిలో వాడు తన నోటిమాటనే పలకమీద వ్రాసినప్పుడు, పుస్తకము చూచి ‘ఏమిటి’ అని దిద్దువా రుందురు. యేట్సు దొర ప్రశ్నకు గిడుగువారు, గురజాడవారు వెదకిన జవాబు విశాఖపట్టణము, గంజాము జిల్లాల పిల్లలకొఱకే. ఆ ‘ఏటి’ వారిదే.